టూరక్ ఇంట్లో గోడ అవతలి మాట

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు వాళ్లింట్లో గంజి ఉందో లేదో చూసి రమ్మనేదాన్ని. లబాసాలో కూలి లైన్లలో ఉన్న ఐదేళ్లలో నేను చూసిన దయ్యాల్లో సగం ఆకలివి, సగం జ్వరానివి. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది విజయనగరం వైపు. గిర్మిట్, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం, రాసి మా ఆయనా నేనూ ఓడెక్కి ఫిజీ వచ్చాం. అదే ఓడలో పైడమ్మ వచ్చింది. ఒకే ఓడలో వచ్చినవాళ్లు ఇక్కడ రక్తసంబంధం కిందే లెక్క. నాకంటే పెద్దది కాబట్టి నేను అప్పా అనేదాన్ని. లబాసా చెరకు తోటలో మా రెండు కుటుంబాలకూ పక్కపక్క గదులిచ్చారు.

ఆ గదుల గురించి కొంచెం చెప్పాలి. లైనంటే పొడుగాటి రేకుల కొట్టం, దాన్ని అడ్డగోడలతో గదులుగా విడగొట్టారు. అడ్డగోడలు కప్పుదాకా ఉండవు. పైన జానెడు ఖాళీకి జల్లెడలాంటి వల కొట్టారు, అంతే. ఒక గదిలో దగ్గితే ఆరో గదిలో వినబడేది. ఎవరి మొగుడు ఎవర్ని తిట్టాడో, ఎవరు ఏడుస్తూ పడుకున్నారో, ఎవరింట్లో పప్పు మాడిందో అందరికీ తెలుసు. తెల్లవారుజామునే లేచి వండుకుని తోటకి వెళ్లాలి. అగ్గిపెట్టెలు దండగ కాబట్టి, ఒకరు పొయ్యి రాజేస్తే మిగతావాళ్లు నిప్పు తెచ్చుకునేవారు. రోజూ పైడమ్మ అడ్డగోడ మీంచే అడిగేది.

"సూరమ్మా, నిప్పుందేటే?"

"ఉందప్పా."

నా రోజు అలా మొదలయ్యేది. నా తొలి కాన్పు కూడా ఆ గదిలోనే. మా ఆయన తోటలో ఉన్నాడు. నేను కేక వేస్తే, జ్వరంతో పనికి వెళ్లకుండా పడుకున్న పైడమ్మ అడ్డగోడ అవతలి నుంచి విని పరుగున వచ్చింది. నన్ను బతికించింది. బిడ్డ దక్కలేదు.

గడువు తీరాక మేం స్టీమరెక్కి సువా పట్నం వచ్చేశాం. పైడమ్మ భర్త చెరకు మిల్లులో పని ఒప్పుకుని లబాసాలో ఆ పాత గదిలోనే ఉండిపోయాడు. మా ఆయన మంచి పనివాడైన దర్జీ. దొరల కోట్లు కుట్టడం మొదలుపెట్టాక మా దశ తిరిగింది. నాలుగేళ్లకి సొంత ఇల్లు కొనుక్కునే స్థితికి వచ్చాం. అప్పుడు నాకు ఐదో నెల. మళ్లీ ఇన్నాళ్లకి కడుపు పండింది కాబట్టి, నా ఆశా భయమూ అన్నీ ఆ బిడ్డ మీదే ఉండేవి.

చూసినవి రెండు ఇళ్లు. ఒకటి టూరక్ గుట్ట మీద. అక్కడ ఉండేది దొరల ఆఫీసుల్లో పెద్ద ఉద్యోగులూ, పెద్ద దుకాణాలవాళ్లూ. రెండోది ఊరికి దూరంగా సమబూలలో. గిర్మిట్ తీరి నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనవాళ్లంతా అక్కడ చేరుతున్నారు. కూరగాయల మడులు, ఆవులు, ఇంటి వెనక అరటిచెట్లు. దేనికది గొప్ప పేటే. ఆ రోజుల్లో సువాలో ఏ ఇద్దరు దర్జీలు కలిసినా ఈ రెంటిలో ఏది మేలనే మాట్లాడుకునేవారు.

మా ఆయన మనసు టూరక్ మీద ఉంది. ఆ గుట్ట మీద ఉంటే బేరాలు ఇంటికే వస్తాయంటాడు. ఇల్లు చూడ్డానికి వెళ్తే ఆయన నూతినీ వసారానీ చూసేవాడు. నేను మాత్రం లోపలికెళ్లి తలెత్తి, గోడ కప్పుకి తగిలిందా లేదా అని చూసేదాన్ని. నాకు కావలసింది అదొక్కటే. ఇంకొకరి దగ్గు వినబడని ఇల్లు. మా ఆయన ఆటపట్టించేవాడు, కోటు కొనేవాళ్లు కాలర్ చూస్తారు గానీ నువ్వు కప్పు చూస్తావేమిటని.

ముందు సమబూల ఇల్లు చూశాం. ఒకే కప్పు కింద రెండు భాగాలు. అన్నదమ్ములిద్దరు కట్టుకున్నారట. ఒక భాగంలో మంగమ్మ అనే తెలుగావిడ ఉంటోంది. రెండోది అమ్మకానికి. అమ్మేవాడు హిందుస్తానీ ముసలాయన. "బెహన్, ఘర్ అచ్ఛా హై?" అని నన్నడిగాడు, ఇల్లు బాగుందా అని. నేను పైకి చూశాను. మధ్యగోడ కప్పుకి జానెడు కిందే ఆగిపోయింది. అవతల మంగమ్మ కూరలో పోపు వేస్తోంది, ఆ చిటపట మా నెత్తిన పడ్డట్టే ఉంది. ఇక్కడ నాకు వద్దని బండి ఎక్కేశాను.

తర్వాతి వారం టూరక్ ఇల్లు చూశాం. దాని తాలూకు దొర ఆస్ట్రేలియా వెళ్లిపోతూ అమ్మేస్తున్నాడు. మంచి ఎండ. నేను అన్నం తినే బయల్దేరాను. జ్వరమూ లేదు, నీరసమూ లేదు. ఈ వివరాలు ఎందుకు రాస్తున్నానో ముందుకి చదివితే తెలుస్తుంది.

ఇల్లు చక్కగా ఉంది. నున్నటి చెక్క గోడలు, గాజు కిటికీలు, వసారాలోంచి సముద్రం. ప్రతి గోడా కప్పుదాకా ఉంది. మా ఆయనా, తాళం తీసిన మనిషీ వసారాలో మాట్లాడుకుంటున్నారు. నేను వెనకగదిలోకి వెళ్లి కిటికీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఎక్కడా చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దానికి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కాన్పు ఈ గదిలోనే అనుకున్నాను.

అప్పుడు గోడ అవతలి నుంచి పైడమ్మ గొంతు.

"సూరమ్మా, నిప్పుందేటే?"

అలవాటు కదా, ఆలోచించకుండానే "ఉందప్పా" అన్నాను. గట్టిగానే అన్నాను. వసారాలో ఉన్న ఇద్దరికీ వినబడింది, ఎవరితో మాట్లాడుతున్నావని మా ఆయన కేకేశాడు కూడా. నేను జవాబు చెప్పేలోపు రెండో మాట వచ్చింది.

"నువ్వు కేకేస్తే ఎవులు వింటారే?"

లేచి కిటికీలోంచి చూశాను. ఆ గోడకి అవతల గది లేదు. ఇల్లు గుట్ట అంచున ఉంది. గోడ కింద నిలువునా దిగిపోయే వాలు, జామపొదలు, ఎర్రటి తడిమట్టి. మా ఆయన వచ్చి చూశాడు. తాళం మనిషి చుట్టూ తిరిగొచ్చాడు. మట్టిలో కోడి నడిచిన జాడ కూడా లేదు. చుట్టుపక్కల ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయో నేను అప్పుడే సరిగ్గా చూశాను.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏడ్చాను. పైడమ్మ పోయిందనే అనుకున్నాను. లబాసా స్టీమరు వచ్చినప్పుడల్లా రేవుకి మనిషిని పంపి వాకబు చేయించాను. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. మా ఆయన టూరక్ మాట మళ్లీ ఎత్తినప్పుడు, నాకు సమబూల ఇల్లే కావాలని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మర్నాడు వెళ్లి ముసలాయనకి బయానా ఇచ్చి వచ్చాడు.

నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం పూట, సువా వాన సంగతి తెలిసిందే, రేకుల మీద కంకర పోస్తున్నట్టు కురుస్తోంది. మా ఆయన కొట్లో ఉన్నాడు. నడవలేక చాప మీదే పడిపోయాను. ఒక్కసారే కేక వేయగలిగాను. ఆ వానలో వీధిలోకి వినబడే కేక కాదది. జానెడు సందులోంచి మంగమ్మకి వినబడింది. ఆవిడ వచ్చేసరికి బిడ్డ అడ్డం తిరిగి ఉంది. కాన్పుల్లో చెయ్యి తిరిగిన మనిషి, ఎలాగో సరిచేసింది. ఆడపిల్ల. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరమూ దక్కేవాళ్లం కాదని తర్వాత చెప్పింది.

పిల్ల పాకే రోజుల్లో ఒకనాటి ఉదయం గుమ్మం ముందు పైడమ్మ నిలబడి ఉంది. చేతిలో మూట, జుట్టు బాగా నెరిసింది. లోపలికి రాలేదు. నా మొహం చూడలేదు. వంగి నా పాదాలు చూస్తోంది. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. నాకు నవ్వొచ్చేదే, కానీ అప్పటికే నేను కూడా ఆమె పాదాలే చూస్తున్నాను. దయ్యాల్లేవని అందరికీ నీతులు చెప్పే మనిషిని.

ఇద్దరి పాదాలూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కావలించుకుని ఏడ్చాం.

"నువ్వు సచ్చిపోనావనుకున్నానే," అంది. "మీ ఆయన్ని పలకరించి పోదారని వొచ్చినాను."

ఎందుకలా అనుకున్నావంటే చెప్పింది. కిందటేడు చెరకు ఆడడం మొదలైన కొత్తలో, తెల్లారగట్ట లేచి నిద్రమత్తులో పాత అలవాటు కొద్దీ అడ్డగోడ మీంచి నిప్పు అడిగిందట. "మీ కమరా ఖాలీగుంది. అయినా ఉందప్పా అన్నావు. నీ గొంతే."

మేం టూరక్ ఇల్లు చూసింది లెక్క వేస్తే ఇంచుమించు అవే రోజులు. ఆమె విన్నది తెల్లవారుజామున, నేను విన్నది పట్టపగలు. పూట కలవలేదు. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

నా పిల్లని ఆమె ఒళ్లో పెట్టాను. ఆ రెండో మాట నువ్వడగబట్టే ఇది బతికింది అప్పా, అని చేతులు పట్టుకున్నాను. పైడమ్మ నావైపు అయోమయంగా చూసింది. "ఏ మాటే?" అంది. చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"నిప్పు మాట నాదే. ఇది నానడగనేదే."

మరి ఎవరడిగారు? నీ భయమే నీకు అలా వినబడిందని మా ఆయన అంటాడు. కావచ్చు. కానీ ఆ ఇంట్లో ఆ క్షణాన నాకు ఏ భయమూ లేదు, సంతోషంతో కూర్చున్నాను. నేను ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. పైడమ్మకి తెలియలేదు. ఎవరిదైనా సరే, ఆ రెండో మాటకి నేను ఆ రోజు జవాబు చెప్పనేలేదు. ఇప్పుడు పిల్ల నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే, నేను లేచేలోపే అడ్డగోడ అవతల మంగమ్మ లేచిన చప్పుడు వినబడుతుంది. అప్పుడు చీకట్లోకి మెల్లగా చెబుతాను, వింటున్నారు, ఇక్కడ వింటున్నారు అని.