ఒకే సూది కింద ఏడుగురం

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా ఊరి ఆశా కార్యకర్త, నాకు వరసకు తోటికోడలు. కంటి శుక్లం ఆపరేషనుకు ముందు నా రక్తం పరీక్షించారు. ఆ కాగితం పట్టుకుని వచ్చి, ముందు మజ్జిగ అడిగి తాగి, తర్వాత చెప్పింది.

“కంగారు పడకక్కా. హెపటైటిస్ సీ అట. కార్జానికి పట్టే జబ్బు. మూడు నెలలు మాత్రలేసుకుంటే పోతాది. ఒగ్గేస్తే కార్జం సెడిపోతాది.”

మా అత్తగారు సగమే విన్నారు. ఆ పూటే నా కంచం, గ్లాసు విడిగా పెట్టి, కలిసిపోకుండా గ్లాసుకు ఎర్ర దారం కట్టారు. పూజ మాత్రం నన్నే చేయమన్నారు. దేవుడికి అంటుకోదని ఆవిడ ధీమా.

మూడోనాడు తోటికోడలు ఆ దారం చూసి పకపకా నవ్వింది.

“ఇదేటత్తా, గ్లాసుకి తాయెత్తు కట్టినావు? కలిసి తింటే రాదే తల్లీ. ఒకలి రక్తం ఇంకొకలికి తగిలితే వస్తాది. అక్కా, నీకెపుడైనా రక్తమెక్కించినారా?”

“లేదు.”

“పచ్చబొట్టు?”

నేను చెయ్యి చూపించాను. పెళ్లయిన ఏడాది శివరాత్రికి, శ్రీముఖలింగం జాతరలో అత్తగారే దగ్గరుండి పొడిపించారు. పోయేటప్పుడు మనతో వచ్చే నగ అదొక్కటేనని ఆవిడ నమ్మకం. మా ఊరి ఆడవాళ్లం ఏడుగురం చాప మీద వరసగా కూర్చున్నాం. అందరికీ ఒకటే సూది.

“నీ ముందర ఎవులు కూకున్నారక్కా?”

నేను దేవుడి పటం వైపు చూశాను. అత్తగారు నేల చూపులు చూశారు.

“నాకేటీ లేదు. నాను గట్టిగున్నాను.”

“ఈ జబ్బున్నోలందరూ అదే అంతారత్తా. ఏళ్ల తరబడి సప్పుడు సెయ్యదు. రేపు పరీచ్చకి బస్సెక్కుతావా, నీ గ్లాసుకీ ఓ దారం కట్టీమంతావా?”

ఎక్కారు. ఆవిడకూ ఉన్నట్టు తేలింది. ఇంకొన్నాళ్లు ఆగితే చెయ్యి దాటిపోయేదని డాక్టరమ్మ అన్నారు. ఇద్దరం ఒకే వేళకు మాత్రలు వేసుకున్నాం. “ఏసుకున్నావేటే కోడలా?” అని రోజూ నన్ను గద్దించి, తనది మరిచిపోయేవారు. ఒకనాడు చూస్తే నా గ్లాసుకు ఎర్ర దారం లేదు.

భగవంతుడి దయ, చివరి పరీక్షలో ఇద్దరికీ నయమైనట్టు తేలింది. మర్నాడే అత్తగారు కర్ర పట్టుకుని బయల్దేరారు, ఆ చాప మీది మిగతా ఐదుగురి కోసం. ఒకావిడ అప్పటికే కడుపుబ్బి చనిపోయింది. ఎందుకో వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట విని అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత చీపురుపల్లి దాకా, పాతపట్నం దాకా వెళ్లి మిగిలిన నలుగురినీ పట్టుకున్నారు. “పరీచ్చకి రాకపోతే మీ గుమ్మంలోనే కూకుంతాను” అనేవారట. అందరూ వెళ్లారు. ఇద్దరికి బయటపడింది, మందూ అందింది.

దొరకనిది జాతరలో మాకు పచ్చబొట్టు పొడిచినావిడ ఒక్కర్తే. పేరైనా మేము అడగలేదు. పొద్దుగూకులూ సూది పట్టుకున్న మనిషి, ఎన్నిసార్లు తన వేలే గుచ్చుకుందో! నాకు మంట పుట్టినప్పుడల్లా చేతి మీద ఊదింది. మీరు దీపం పెట్టుకునేటప్పుడు ఆవిడను ఒక్కసారి తలుచుకోండి. ఎవరో ఒకరు ఆమెను కూడా పరీక్షకు తీసుకెళ్లాలని కోరుకోండి.