కర్రకు కప్పిన గొంగడి

ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. మా పక్కింటి గొర్రెల తాత పొద్దున్నే పోయాడట. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను కూడా. నా రాతల మీద ఆయన చేసిన ఎగతాళి గుర్తొస్తే నవ్వకుండా ఉండటం నావల్ల కాదు.

మాయాలోకాల నవలలు రాసే క్రైస్తవురాలిగా నేను పాఠకులకు తెలుసు. నా మొదటి శ్రోత మాత్రం చర్చి గడప తొక్కనివాడు, అక్షరం ముక్క రానివాడు. అచ్చంపేట దగ్గర మా ఊళ్లో ఆయన దొడ్డికీ మా పెరడుకూ మధ్య ఒకటే గోడ. బడి నుంచి వచ్చి నేను రాసింది పైకి చదువుకుంటుంటే, అవతల గొర్రెపిల్లలకు ఆకు వేస్తూ వినేవాడు. మాట్లాడే పులులైనా, ఎగిరే కొండలైనా ఆయనకు అభ్యంతరం లేదు. గొర్రెల దగ్గరికొస్తే మాత్రం నా ఆటలు సాగేవి కావు.

నా మొదటి నవలలో కాపరిరాజు తప్పిపోయిన ఒక్క పిల్ల కోసం మందనంతా లోయలో వదిలి చీకటి అడవిలోకి వెళ్తాడు. గర్వంగా చదివాను. తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఏందమ్మా, నీ గొర్లు సదువుకున్నయా? కాపరి కానరాకుంటే గడియసేపన్న ఆగుతయా?"

రెండు రోజులు అలిగి చదవలేదు. మూడో రోజు ఆయనే గోడ మీంచి తొంగి చూసి, పిల్ల దొరికిందా లేదా అని అడిగాడు. నేను మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయించాను.

పుస్తకం వచ్చాక చాలామంది మెచ్చుకున్నారు. ఒక చెల్లెమ్మ ఉత్తరం మాత్రం ముల్లులా దిగింది. ప్రభువు పేరు ఒక్కచోటా లేదు, అన్నీ మాయలే, నీ కథలో విశ్వాసం ఎక్కడుందక్కా అని అడిగింది. ప్రేమగా అడిగింది కాబట్టే తట్టుకోలేకపోయాను. సగం రాసిన రెండో భాగాన్ని ట్రంకుపెట్టెలో పడేసి, ఇక రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

గోడ ఇవతల చప్పుడు లేకపోవడం తాత కనిపెట్టాడు. సంగతి చెబితే, మీ దేవుని ముచ్చట నాకు తెల్వదంటూనే నన్ను గుట్ట మీదికి తీసుకెళ్లాడు. మంద నడుమ కర్ర పాతి, దాని మీద తన గొంగడి కప్పి, నాతో కలిసి కిందికి వాగు దాకా నడిచాడు. గొర్రెలు తలెత్తాయి, గొంగడిని చూశాయి, మళ్లీ మేతలో పడ్డాయి.

"గొంగడి ఆడుంటే నేను మల్ల వస్తనని వాటికి ఎరుక. నీ రాజు ఏం ఇడిసిపెట్టి పోయిండో నువ్వు రాయలే బిడ్డా. గంతే తప్పు."

ఆ సాయంత్రమే ఒట్టు గట్టున పెట్టి ట్రంకుపెట్టె తెరిచాను. ఆ చెల్లెమ్మకు జవాబు రాశాను: 'వెతకడానికి వెళ్లినవాణ్ణి రాశానమ్మా, ఆయన వస్తాడని ఆగిన మందను మరిచాను. నువ్వడిగిన విశ్వాసం ఆ గొర్రెల దగ్గరుంది.' రెండో భాగం కర్రకు కప్పిన తెల్ల గొంగడితో మొదలైంది. అది వినిపిస్తే తాత మురిసిపోతాడనుకున్నాను. నల్లదని రాయి, తెల్లది రెండు రోజులకే మాస్తది అన్నాడు. మార్చాను.

ఆయన్ని మట్టి చేసిన మూడో రోజు మంద దొడ్డి దాటనంది. ఆయన కొడుకు అదిలించాడు, బతిమాలాడు, లాభం లేదు. అప్పుడు తాత భార్య, అవ్వ, లోపలి నుంచి తాత నల్ల గొంగడి తెచ్చి, కర్రకు కప్పి, భుజాన పెట్టుకుని ముందు నడిచింది. గొర్రెలన్నీ వెనకే కదిలాయి. నేను గోడ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. గుట్ట మీద అవ్వ కర్ర పాతింది. మంద ఒకసారి తలెత్తి చూసి, నిమ్మళంగా మేతలో పడింది.