ఇసుక తొట్టి, రాతి తొట్టి

జిల్లా సైన్స్ ప్రదర్శనకు పంపాల్సిన మోడల్‌ను మా పెద్దసారు హైదరాబాద్‌లో కొనుక్కొచ్చాడు. రామన్నపేట దగ్గర ఒక సర్కారు బడి మాది. నేను అక్కడ సైన్సు చెప్పేదాన్ని. అట్టపెట్టె విప్పితే సౌరకుటుంబం బయటపడింది. బటన్ నొక్కగానే సూర్యుడిలో పసుపు బల్బు వెలిగింది. భూమికీ చంద్రుడికీ ఒకటే లావు. గ్రహాలన్నీ ఒకే వేగంతో, జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టు తిరుగుతున్నాయి.

"దీన్ని మన పిల్లలు చేసిన్రని చెప్పాల్నా సార్?"

"చెప్తే ఏమైతది మేడం? ఇద్దరు పిల్లలతోని నాలుగు ముక్కలు బట్టీ పట్టియ్యుండ్రి. ప్రైజొస్తే బడికే గద పేరు."

కొలతలు తప్పుగా ఉన్నాయని నాకు కోపం రాలేదు. కొలత తప్పని మోడల్ ఎక్కడా ఉండదు. భూమిని బంతంత చేసినప్పుడే ఎన్నో వదిలేస్తాం. ఏం వదిలేశామో, ఏ ప్రశ్న కోసం వదిలేశామో తెలిసి ఉంటే అది సైన్సు. ఈ ప్లాస్టిక్ డబ్బాను ఎవరూ ఏమీ అడగలేరు. దానికి తెలిసిన జవాబల్లా తిరగడమే. అయినా మా పెద్దసారు దానికి దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఆఫీసు బీరువా మీద పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాడు.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో గొర్లు కాసే ఇంటి పిల్ల ఒకతి ఉండేది. కార్తీకం దాటకముందే వాళ్ల చెలకలో బోరు ఎండిపోయింది. పక్క చెలకలో వాళ్ల పెదనాయిన బోరు మాత్రం పోస్తూనే ఉంది. తన నీళ్లు అన్నే గుంజుకున్నాడని ఆ పిల్ల బాపు ఆయనతో మాట మానేశాడు. రెండిళ్ల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి.

"మేడం, పక్క బోరు మా నీళ్లు గుంజుతదన్నది నిజమేనా? చేసి చూడొచ్చా?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. నా ఉద్యోగంలో అంత మంచి ప్రశ్న చాలా అరుదుగా విన్నాను.

గాజు తొట్టిలో ఇసుక నింపి, నీళ్లు పోసి, మూడు పెన్నుల గొట్టాలు పాతాం. రెండు పక్కపక్కన, ఒకటి దూరంగా. ఒక గొట్టంలోంచి సిరంజితో నీళ్లు లాగితే పక్క గొట్టంలో మట్టం బాగా దిగింది. దూరపుదాంట్లో కదలిక లేదన్నట్టే ఉంది.

"చూసిన్రా మేడం? పెదనాయినే!" అని పిల్ల చప్పట్లు కొట్టింది.

"మరి మీ పెదనాయిన మోటరు ఎప్పుడన్న బంద్ ఉండెనా?"

"మొన్న కాలిపోయి శానా దినాలు బంద్ ఉండె."

"అప్పుడు మీ బోర్ల నీళ్లొచ్చినయా?"

"రాలే."

"తొట్టి ఏమంటాంది?"

"రావాలె అంటాంది." ఆ పిల్ల తొట్టిలోంచి పిడికెడు ఇసుక తీసింది. "మా చెలకల ఇసుకేడున్నది మేడం? బోరేసినప్పుడు అంత రాయి పొడే లేసింది."

తప్పని తేలిన ఆ తొట్టి మీద నాకు గౌరవం కలిగింది. తప్పు పట్టుకోవడానికి వీలుగా, దాపరికం లేకుండా మాట్లాడింది అది.

రెండో తొట్టిలో రాళ్లు పేర్చాం. సందులన్నీ మైనంతో మూసి, ఒకే ఒక్క పగులు వదిలాం. అది పిల్లవాళ్ల బోరనుకున్న గొట్టం నుంచి మొదలై, పక్కనున్న పెదనాయిన గొట్టాన్ని తాకకుండా దూరపు గొట్టం దాకా పోతుంది. ఊళ్లో ఆ దూరపు గొట్టం అంటే, రోడ్డవతల చౌటుప్పల్ ఆసామి ఒకాయన ఇళ్ల ప్లాట్లు అమ్మడానికి వేసిన వెంచర్. అక్కడ ఇళ్లు లేవు, మనుషులు లేరు. ఫోటోల కోసం పెంచిన పచ్చగడ్డి ఉంది, దానికి లోతైన బోరు ఉంది.

పెద్దసారును బతిమాలి ఈ తొట్టిని కూడా ప్రదర్శనకు తీసుకెళ్లాం. మెడలో బ్యాడ్జీ వేసుకున్న న్యాయనిర్ణేత మా బల్ల దగ్గర ఆగాడు.

"వర్కింగ్ మోడలా, స్టిల్ మోడలా? లైట్లు లేవేంది?"

"నీళ్లు గుంజితే పనిచేస్తది సార్" అని పిల్ల చేసి చూపించింది.

"పగులు మీరే పెట్టిన్రు. ఇగ రుజువేమున్నది?"

"రుజువు కాదు సార్. గిట్లనే ఉంటే, రోడ్డవతలి మోటరు ఆగినప్పుడు మా బోర్ల నీళ్లు లేవాలె. లేవకుంటే గిది గూడ తప్పే."

ఆయన నవ్వాడు. "తప్పయ్యేదాన్ని ప్రదర్శనకెందుకు తెచ్చిన్రమ్మా?"

సైన్సు అంటే ఏమిటో ఆ పిల్ల అప్పుడే ఆయన ముఖాన చెప్పింది. ఆయనకు వినపడలేదు. పక్క బల్ల మీద వంటసోడాతో నురగలు కక్కుతున్న అగ్నిపర్వతం వైపు నడిచాడు. మొదటి బహుమతి మా ప్లాస్టిక్ గ్రహాలకే వచ్చింది. పెద్దసారు శాలువా కప్పించుకుని ఫోటో దిగాడు. బట్టీ పట్టిన పిల్లల్లో ఒకడు వేదిక మీదే శుక్రుడి పేరు మరిచిపోయాడు. దానికీ చప్పట్లు కొట్టారు.

శివరాత్రి దాటాక వెంచర్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలి, అక్కడి మోటరు ఆగిపోయింది. ఆ వార్త తెలియగానే పిల్ల నన్ను చెలకకు పిలిచింది. వాళ్ల బాపు ఎండిన బోరు మీది మూత తీశాడు. తాడుకు రాయి కట్టి వదిలాం. మొదటి రోజు తాడు పొడిగానే వచ్చింది. రెండు రోజుల తర్వాత వదిలితే బారెడు తడిసి వచ్చింది. వాళ్ల బాపు ఆ తడిని వేళ్లతో పిండి చూసుకున్నాడు.

ఆయనా నేనూ వెంచర్ ఆసామి దగ్గరికి పోయాం. ఆసామి కారు దిగకుండానే విన్నాడు.

"పిల్లల ఆట చూసి నా మోటరు బంద్ చేయాల్నా టీచరమ్మా? గడ్డి ఎండితే ప్లాట్లెవడు కొంటడు?"

కారు అద్దం పైకి లేచింది. ట్రాన్స్‌ఫార్మర్ బాగయ్యాక మోటరు మళ్లీ నడిచింది. తాడు మళ్లీ పొడిగా వచ్చింది.

కొత్త బోరు కోసం మాట్లాడుకున్న బండిని ఆ పిల్ల బాపు వద్దన్నాడు. ఆ సాయంత్రమే గట్టు దాటి పక్క చెలకలోకి పోయాడు. పిల్లా నేనూ ఇవతలే నిలబడ్డాం.

"అన్నా, టమాట మడి ఎండుతాంది. జర ఓ తడి ఇస్తవా?"

పెదనాయిన మందు కొట్టే డబ్బా కిందికి దించాడు. తమ్ముణ్ని చూడకుండా బోరు వైపే చూశాడు.

"నా మీద పడి ఏడ్సినవు గద ఇన్నొద్దులు."

"ఏడ్సిన. తప్పు బోరు మీద ఏడ్సిన."

పెదనాయిన డబ్బా మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

"పైపులున్నయా? లేకుంటే మా కొట్టంల ఉన్నయి, తీస్కపో."