శనివారానికి ఒక్క వాక్యం

పోయిన ఏడాది జూన్ నెల రెండో శనివారం. ఉదయం ఆరున్నరకు కాఫీ తాగి పేపరు చేతిలోకి తీసుకున్నాను. ఒక్క అక్షరం తెలియలేదు. మసకగా ఉందా అంటే లేదు. గీతలు, వంపులు, చుక్కలు అన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి. అవి ఏ అక్షరాలో మాత్రం తెలియడం లేదు.

మాది సూళ్లూరుపేట. మద్రాసు రైళ్లలో అరవ పేపర్లు కూడా ఇక్కడ దిగుతాయి. అందుకని, "ఏమండీ, ఆ అబ్బాయి ఈపొద్దు అరవ పేపరు వేసిపోయినాడు చూడండి," అన్నాను.

మా ఆయన వచ్చి చూశారు. "తెలుగే కదమ్మే. అద్దాలు తుడుచుకో," అన్నారు.

తుడుచుకున్నాను. తేడా లేదు. కానీ పేపరు పైన వేసిన తేదీ, వెల మాత్రం ఎప్పటిలాగే తెలిశాయి. తల వెనక ఎడమ వైపు కాస్త బరువుగా ఉందంతే. అంకెలు తెలుస్తున్నాయి కాబట్టి ఇది పెద్ద జబ్బు కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నా వయసు అరవై ఎనిమిది. పెళ్లయినప్పటి నుంచి మా ఇంటి వడ్ల లెక్కలన్నీ నేనే రాశాను. నా తీర్పులు సాధారణంగా తప్పవు.

పది గంటలకు కళ్లజోళ్ల కొట్టు తెరిచేదాకా ఆగి, ఆటోలో వెళ్లాను. దిగేటప్పుడు కుడి భుజం దీపస్తంభానికి కొట్టుకుంది. అది అక్కడ ఉన్నట్టే నాకు తెలియలేదు. కొట్టతను నాలుగైదు అద్దాలు మార్చి చూసి, "నంబరు మారినట్టు లేదమ్మా. నిద్ర లేదేమో, పడుకొని లేవండి," అన్నాడు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను. లేచాక కూడా అంతే.

మూడు గంటలకు షంషాద్ టైలరింగ్ షాపుకు వెళ్లాను. ప్రతి శనివారం ముగ్గురం అక్కడ కలుస్తాం. షంషాద్, నేను, రిటైరైన బస్సు కండక్టరు రమణయ్య గారు. ఆ వారం ఏం చదువుతున్నామో ఒకరికొకరు చెప్పుకుంటాం, అంతే. దానికొక నియమం ఉంది. చేతిలో ఉన్న పుస్తకం గురించే చెప్పాలి, ఆ వారం చదివినదే చెప్పాలి, ఎన్నో పేజీలో ఉన్నామో చెప్పాలి. ఆ నియమం పెట్టింది నేనే. రమణయ్య గారు ఒకసారి ఇంటర్ చదివేటప్పుడు చదివిన నవల గురించి గంటన్నర చెప్పారు. అందుకు పెట్టాల్సి వచ్చింది.

ఆ రోజు షంషాద్ బట్టల అద్దకం మీద పుస్తకం చదువుతోంది. నీలిమందు పులిసేటప్పుడు వచ్చే కంపు గురించి రాసినాయన తప్పకుండా ఆ తొట్టి పక్కనే కూర్చుని రాసి ఉంటాడని చెబుతూ నాకు టీ అందించింది.

"అక్కా, టీ తీసుకో."

"యాడుంది?"

"ఏంది యాడుంది? నీ చేతి పక్కనే పెట్టినా గదా."

తల పూర్తిగా కుడి వైపు తిప్పితే అప్పుడు గ్లాసు కనబడింది. షంషాద్ ముఖం మారిపోయింది. "అక్కా, ఇది కళ్లజోడు పని కాదు," అంది. నా ఫోన్ తీసుకొని నెల్లూరులో ఉంటున్న మా అమ్మాయి సుజాతకు ఫోన్ చేసింది. సుజాత అటు నుంచి, "పిన్నీ, ఉన్నఫళాన కారెక్కించు," అని అరవడం నాకూ వినబడింది.

నెల్లూరు ఆసుపత్రి చేరేసరికి సాయంత్రం ఐదున్నర. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నింటికి మొదలైందమ్మా?"

"ఉదయం ఆరున్నరకు."

ఆయన గోడ గడియారం చూశారు. "నాలుగున్నర గంటల్లోపు వచ్చి ఉంటే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి వీలుండేదేమో. ఇప్పుడు విండో పీరియడ్ దాటిపోయింది," అన్నారు. కోపంగా అనలేదు. అందువల్లే నాకు ఎక్కువ తగిలింది.

సీటీ, ఆ తర్వాత ఎమ్మారై. మెదడులో వెనక భాగాన, ఎడమ వైపు స్ట్రోక్. ఈసీజీలో గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తెలిసింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. అక్కడ తయారైన గడ్డ తలలోకి వెళ్లిందట. అప్పటిదాకా నాకు గుండె జబ్బు ఉన్నట్టే తెలియదు.

మరునాడు డాక్టరు గారు కాగితం ఇచ్చి ఏదైనా వాక్యం రాయమన్నారు. ఎప్పటి దస్తూరీతోనే గడగడా రాశాను. ఆయన పక్క మంచం రోగిని చూసి వచ్చి, అదే కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు. నాకు తెలియలేదు. నా చేతిరాత అని గుర్తుపట్టాను. ఏం రాశానో మాత్రం గుర్తు లేదు, చదవలేకపోయాను.

మా ఆయనకు ఇది అన్యాయంగా తోచింది. "రాసింది తనే గదా సార్. తనకే తెలీకపోతే ఎట్టా?"

"దీన్ని అలెక్సియా అంటారు. కళ్లు బాగున్నాయి, భాష బాగుంది. కళ్లు చూసింది అక్షరాలను గుర్తుపట్టే చోటికి చేరే దారి దెబ్బతింది. దాంతో పాటు రెండు కళ్లకూ కుడి వైపు చూపు పోయింది," అన్నారు డాక్టరు గారు.

"మళ్లీ చదవగలనా?" అని అడిగాను.

"కొంత వస్తుంది."

"కొంత అంటే ఎంత? సగమా, పావా?"

"ఆ లెక్క నేను చెప్పలేనమ్మా. మునుపటి వేగం రాకపోవచ్చు."

చెయ్యి పడిపోలేదు, మాట పోలేదు, నడక పోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా అదృష్టవంతురాలినన్నారు. నిజమే. కానీ పన్నెండేళ్ల వయసు నుంచి చేతిలో పుస్తకం లేకుండా నిద్రపోయిన రోజులు నాకు తక్కువ. మంచం పక్కన సుజాత పెట్టిన పుస్తకం తెరిస్తే, కింద నంబరు 112 అని తెలిసేది. పైన ఉన్నదంతా చీమల బారు.

ఐదు రోజులకు ఇంటికి పంపారు. రక్తం పల్చబరిచే మాత్ర, బీపీ మాత్ర, కొవ్వు మాత్ర. వారానికొకసారి రైల్లో నెల్లూరు వెళ్లి స్పీచ్ థెరపీ. మాటకు కదా స్పీచ్ థెరపీ అని నేనూ అనుకున్నాను. చదవడం నేర్పేది కూడా వాళ్లేనట.

ఆ థెరపిస్టు మా సుజాత కంటే చిన్నది. మొదటి రోజే, "అమ్మా, కళ్లతో గుర్తుపట్టాలని చూడకండి. వేలితో దిద్దండి. మీ చెయ్యి ఏదీ మరిచిపోలేదు," అంది. అట్టముక్క మీద పెద్దగా రాసిన అక్షరం మీద చూపుడు వేలు పెట్టి దిద్దాను. వేలు చుట్టు తిరిగి తలకట్టు దగ్గర ఆగగానే నోట్లోంచి "క" అని వచ్చింది. నాకే ఆశ్చర్యం. చూస్తే తెలియనిది దిద్దితే తెలిసింది.

అయితే మన తెలుగు రోగులకు అనుకూలమైన లిపి కాదు. పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. అక్షరం దిద్ది, గుణింతం దిద్ది, వత్తు దగ్గరికి వచ్చేసరికి మొదటిది జారిపోయేది. "ప"కూ "వ"కూ, "మ"కూ "య"కూ ప్రతిసారీ తగువే. కుడి వైపు చూపు లేదు కాబట్టి వరుస ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. ప్రతి పేజీకీ కుడి అంచున ఎర్ర పెన్సిలుతో నిలువు గీత గీయమంది ఆ అమ్మాయి. ఎర్ర గీత కనబడేదాకా తల తిప్పుతూ పోవాలి. అప్పుడే వరుస అయినట్టు.

మా ఆయన జాలిపడి తాను చదివి వినిపిస్తానన్నారు. పాపం, రోజూ సాయంత్రం కూర్చునేవారు. ఆయన చదివితే కథలో రాజు నుంచి బంట్రోతు దాకా అందరూ మా ఎరువుల కొట్టాయన గొంతుతోనే మాట్లాడతారు. రెండు పేజీలకొకసారి ఆగి, "వీడికి బుద్ధి లేదమ్మే, పంట మీదున్న పొలం ఎవురన్నా అమ్ముకుంటారా?" అని నన్ను నిలదీసేవారు. నాలుగు రోజులకు వద్దన్నాను. చెడ్డగా చదివారని కాదు. ఎక్కడ ఆగాలో, దేన్ని రెండోసారి చదువుకోవాలో నా ఇష్టం కాకపోతే అది నా చదువు కాదనిపించింది.

ఆగస్టులో వెనకబడ్డాను. గడప దాటుతూ కుడి పక్కనున్న బిందె చూడక తట్టుకొని పడ్డాను. ఎముక విరగలేదు గానీ, పల్చబరిచే మాత్ర వల్ల మోచేయి నుంచి మణికట్టు దాకా నల్లగా కమిలి వాచింది. తలకు తగలకపోయినా మళ్లీ సీటీ తీశారు. దిద్దే చెయ్యి అదే. మూడు వారాలు అట్టముక్కలు ముట్టుకోలేదు. తిరిగి మొదలుపెడితే "ప"కూ "వ"కూ తగువు మళ్లీ మొదటికొచ్చింది. ఇక చాలనుకున్నాను. థెరపీకి వెళ్లడం మానేశాను. శనివారాలు ఎలాగూ మానేశాను. ఏం చదువుతున్నావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం షంషాద్ ఇంటికొచ్చింది. నా జాకెట్ల కొలత తీసుకోవాలని సాకు.

"శనివారం ఎందుకు రావక్కా?"

"వచ్చి ఏం చెప్పను? మీ ఇద్దరి ముఖాలు చూస్తా కూర్చోనా?"

"రమణయ్య గారు ఆయన డిటెక్టివ్ నవల్లో హంతకుడి సంగతి నాకొక్కదానికే చెప్తా ఉండాడు. నేను పడలేకపోతున్నా."

"నియమం ఉంది కదా షంషాద్. ఆ వారం చదివిందే చెప్పాలి."

"ఉంది. నువ్వే పెట్టినావు. ఎంత చదవాలని పెట్టలేదే?"

నేను కొలత జాకెట్టు తీసి ఆమె చేతికిచ్చాను.

"పడక ముందు ఏమన్నా చదివినావా, లేదా? నిజం చెప్పు."

"ఒక్క వాక్యం. సుజాత తెచ్చిన కొత్త నవల్లో మొదటి వాక్యం. రెండు రోజులు పట్టింది."

"అదే చెప్పు. ఈ వారం మళ్లీ చదివి, వచ్చి చెప్పు. నియమం ప్రకారమే."

లెక్క ప్రకారం ఆమె మాటలో తప్పు పట్టడానికి లేదు. బుధవారం నుంచి శుక్రవారం దాకా కూర్చొని ఆ వాక్యాన్ని మళ్లీ దిద్దుకున్నాను. శనివారం మూడింటికి షాపులో కూర్చొని, "ఒకటో పేజీ," అన్నాను. వేలు పెట్టి చదివాను. "పడవ ఒడ్డుకొచ్చింది గానీ అందులో ఎవరూ లేరు."

రమణయ్య గారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఎవురూ లేరా?"

"లేరు."

"మరి తెడ్డేసిందెవరు? తాడు తెగిందా, కోసినారా?"

"తెలియదు. అంతే చదివాను."

"ఇదేం న్యాయం రాజమ్మ గారూ! వారం రోజులు నన్ను ఈ పడవలో కూర్చోబెడతారా?"

"మీరు కండక్టరు గదన్నా, రైట్ రైట్ అనండి, కదులుద్ది," అంది షంషాద్. మూడు నెలల్లో నేను గట్టిగా నవ్వింది అప్పుడే.

ఆ పుస్తకాన్ని తామిద్దరూ ముట్టుకోకూడదని వాళ్లే ఒప్పందం చేసుకున్నారు. రమణయ్య గారు మాత్రం ఒప్పుకోలేక ఒప్పుకున్నారు. బుధవారం ఫోన్ చేసి, "రెండో వాక్యం అయిందా?" అని అడిగేవారు. అయిందంటే, "చెప్పొద్దు, చెప్పొద్దు, శనివారం," అని పెట్టేసేవారు. సోమవారం నేను మళ్లీ నెల్లూరు రైలెక్కాను. మానేసినన్ని రోజులు ఎందుకు రాలేదని ఆ థెరపిస్టు అమ్మాయి అడగలేదు. ఏ పుస్తకం తెచ్చారని అడిగింది.

రెండో వారం రెండు వాక్యాలు. అక్టోబరు చివరికి ఒక పేరా. సంక్రాంతి నెల వచ్చేసరికి వేలు కాగితం మీద కాక ఒళ్లోనే కదిలేది. చిన్న మాటలు దిద్దకుండానే తెలియడం మొదలైంది. ఆ నవల ముగించేసరికి ఈ ఏడాది జూన్ అయింది. రెండు వందల నాలుగు పేజీలు. పడవలో ఎవరూ ఎందుకు లేరో ఇక్కడ చెప్పను. రమణయ్య గారు ఊహించింది మాత్రం కాదు.

ఇప్పుడు నేను చదువుతున్నది ఒక నర్సు రాసుకున్న జ్ఞాపకాలు. అరవై మూడో పేజీలో ఉన్నాను. ఆమె జబ్బుల పేర్ల కంటే వార్డు బయట విడిచిన చెప్పుల గురించి ఎక్కువ రాస్తుంది. ఎవరివి అరిగాయి, ఎవరివి జత మారాయి, ఎవరు తోడుగా వచ్చి చెప్పులు వదిలి కొడుకుతో పాటు ఆంబులెన్సులో వట్టికాళ్లతో వెళ్లిపోయారు. నాకు చాలా నచ్చింది. రోజుకు నాలుగు పేజీలు. మునుపు గంటకు నలభై చదివేదాన్ని. ఆ వేగం రాదని ఇప్పుడు నాకు తెలుసు. కుడి వైపు చూపు తిరిగి రాలేదు. రోడ్డు ఒంటరిగా దాటను. శనివారాలు షంషాద్ టీ నాకు ఎడమ వైపు నుంచి అందిస్తుంది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఉన్నట్టుండి అక్షరాలు తెలియకపోయినా, ఒక పక్క కనబడకపోయినా, మాట తడబడినా, వెంటనే గడియారం చూసి ఎన్నింటికి మొదలైందో పక్కనున్నవాళ్లకు చెప్పండి. చెప్పి, స్ట్రోక్ చూసే ఆసుపత్రికి బయలుదేరండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. అంకెలు తెలుస్తున్నాయి కదా అని ఆగకండి. నేను కళ్లజోళ్ల కొట్టు తలుపు తీసేదాకా ఇంట్లో మూడున్నర గంటలు కూర్చున్నాను. మా ఇంటి నుంచి ఆ ఆసుపత్రికి కారులో రెండు గంటలు.