దపా చెవిలో కీచురాయి, మా మామ రాయబారం

మా మేనమామ అంపొన్సెమ్ తన సొంత మాట మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. ఆయన నోట ఎప్పుడూ ఇంకొకరి మాటే ఉంటుంది, అదీ వాళ్ళు ఇచ్చినదానికి పదింతలై.

తప్పు ఆయనది కాదు. మా ఊరి పెద్దను నానా అంటాం; పాత నానా పీఠం మీద ఉన్నంతకాలం మామ ఆయనకు ఒచామే, అంటే నోరు. నానా ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. మాట మామ మీదుగానే నడవాలి. నానా "ఊఁ" అంటే మామ దాన్ని వానాకాలపు వాగును చేసి సభలోకి వదిలేవాడు. కొత్త నానా రాగానే బంగారు పిడి కర్ర అప్పగించి, కుమాసి పట్నంలో మా ఇంటికి చేరాడు. కర్ర స్థానంలో గొడుగు వచ్చింది. అలవాటు స్థానంలోకి ఏదీ రాలేదు.

కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్మే ఎసీ దగ్గర ఎవరో "కారం తగ్గించు" అన్నాడు. వెనకనున్న మామ గొడుగెత్తి, "అమ్మా, నీ మిరప కీర్తి ఈయనకు తెలియనిది కాదు. కాకపోతే ఈయన పొట్ట ఇంకా పసిది" అని విన్నవించాడు. ఎసీ నవ్వి ఇంకో చేపముక్క వేసింది. ఆ మనిషి తన పొట్ట తడుముకుని మామను అనుమానంగా చూశాడు.

ఒకసారి నేనూ మా ఆయనా మాటలు మానేశాం. మామకు పండగ. "వంట కాలేదని చెప్పు" అన్నాను గోడవైపు తిరిగి. రాణిగారి పొయ్యి ఇవాళ పుట్టింటికి వెళ్ళిందని చెప్పాడు. మా ఆయన గొణిగిందేదో, "తమరు లేని పొయ్యి నాకెందుకు అంటున్నాడు" అయి నాకు చేరింది. నవ్వాను. తగువు ఓడిపోయాను.

నేను ఆస్పత్రిలో ఎమ్మారై యంత్రం నడుపుతాను. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చే వంకతో మామ అక్కడా దర్బారు పెట్టాడు. లోపలికి లోహం రాకూడదు కనుక గొడుగు గుమ్మం దగ్గరే పెట్టించేదాన్ని. నా ఖర్మ, నాలుక లోహం కాదు.

ఆ రోజు వచ్చినవాడు క్వాకు దపా. సువామే షెడ్లలో సొట్టపడ్డ కార్ల రేకుల్ని సుత్తితో సాపు చేస్తూ ముసలివాడైనవాడు. సుత్తి దించినా చప్పుడు దిగలేదు, ఎడమ చెవిలో కీచురాయిగా కాపురం పెట్టింది. ఈమధ్య ఆ చెవికి వినికిడీ తగ్గింది. నరం మీద గడ్డ ఉందేమో చూడమని డాక్టరు పంపాడు. కళ్ళలో ఇనుప రజను లేదని ముందే పరీక్ష చేయించి తేల్చుకున్నాం. అన్నీ సిద్ధం. అంతలో లోపల యంత్రం డబడబా కొట్టుకోవడం విని దపా టోపీ పెట్టుకున్నాడు.

"నేను పోతున్నా" అన్నాడు.

గడ్డే ఉంటే అది ఈయన కోసం ఆగదు. నేను నోరు తెరిచేలోగా మామ మధ్యకు వచ్చాడు.

"నీ యంత్రం గోల ఏపాటిదని అడుగుతున్నాడు."

"చాలా గోల. రేకు మీద సుత్తి దెబ్బల్లా ఉంటుంది."

మామ అటు తిరిగాడు. "నీ షెడ్డుకు చుట్టమేనట. నువ్వు వదిలేస్తే వెతుక్కుంటూ వచ్చిందట."

దపా దగ్గాడు. తగ్గించే దారి లేదా అంటున్నాడని నాకు చేరింది. చెవుల్లో మెత్తటి బిరడాలు, వాటిమీద డిప్పలు పెడతానని, గోల తక్కువ పద్ధతిలో అవసరమైన బొమ్మలే తీస్తానని చెప్పాను. మామ చేతిలో అవి చెవులకు పట్టుపరుపులూ, పరుపుల మీద గొడుగులూ అయ్యాయి. దపా టోపీ సర్దుకున్నాడు. అదీ ప్రశ్నే: తట్టుకోలేకపోతే? చేతిలో రబ్బరు బుడ్డి ఉంటుంది, నొక్కితే ఆపేసి బయటికి తెస్తానన్నాను. "నువ్వు వేలు కదిపితే యంత్రం మోకరిల్లుతుందట" అన్నాడు మామ.

ఆపైన దపా దగ్గలేదు, టోపీ ముట్టుకోలేదు. నేల చూస్తూ ఉండిపోయాడు. మామ గొంతు తగ్గించాడు.

"ఆ కీచురాయి ఇంకా పెద్దదైతే ఎలా బతకనని అడుగుతున్నాడు. ఇప్పటికే నిద్ర అంతంతమాత్రమట."

"చెవులు సరిగ్గా కప్పితే చాలామందికి ఏమీ కాదు. కొందరికి కొన్నాళ్ళు పెరిగి తగ్గొచ్చు. ఈయనకు అస్సలు పెరగదని మాట ఇవ్వలేను మామా. తీయకపోతే మాత్రం గడ్డ సంగతి తెలీదు. వద్దనుకుంటే ఇంకేం దారి ఉందో డాక్టరును అడగొచ్చు."

అని కళ్ళు మూసుకున్నాను. ఈ మాటను ఏ పూలతేరు ఎక్కించి ఊరేగిస్తాడో.

"మాట ఇవ్వలేదట" అన్నాడు మామ. "చాలామందికి ఏమీ కాదట. కొందరికి కొన్నాళ్ళు పెరగొచ్చట. తీయకపోతే గడ్డ సంగతి తెలీదట. వద్దన్నా నీ ఇష్టమేనట, డాక్టరును అడగొచ్చట."

ఒక్క పువ్వు లేదు. నా మాట మామ నోట నా కొలతకే రావడం అదే మొదలు.

దపా టోపీ తీసి మామ ఒళ్ళో పెట్టాడు. "ఇంతవరకూ అందరూ ఏమీ కాదనే అన్నారు, అందుకే ఎవర్నీ నమ్మలేదు" అన్నాడు. నేను ఎదురుగా ఉన్నా మామకేసే చూస్తూ, "గట్టిగా కప్పమని చెప్పు" అన్నాడు.

కప్పాను. మధ్యలో ఒకసారి బుడ్డి నొక్కాడు. ఆపాను. కాసేపు మామతో కూర్చుని, మళ్ళీ తానే పడుకున్నాడు. బయటికొచ్చాక కీచురాయి ఎలా ఉందని అడిగితే, "కోపంగా ఉంది" అన్నాడు.

వారం తిరిగేసరికి దాని కోపం చల్లారింది. గడ్డ లేదని డాక్టరు తేల్చాడు. దపా అరటిగెల భుజాన వేసుకుని వచ్చాడు. నిద్ర సంగతి మామతో ఎప్పుడు చెప్పావని అడిగాను.

"నేనా? పోతున్నా అన్నాను. తర్వాత దగ్గాను."

మామ గొడుగు ఊచల్ని శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు. ఇన్నేళ్ళూ నేను ఆయన నోరే చూశాను. చెవులు ఎంత పెద్దవో ఆ రోజే కనబడ్డాయి.

"మెదాసె" అన్నాడు దపా నాతో. మా భాషలో కృతజ్ఞతంతా ఆ ఒక్క మాటే. మామ గొడుగెత్తి గొంతు సవరించుకున్నాడు. నేను చెవిబిరడాల డబ్బా తెరిచాను.

ఒక్కటే పెట్టుకున్నాను. రెండో చెవి మామకు వదిలేశాను.