జనుపనార

అంబదాస్ సిరిసిల్ల మగ్గాల మధ్య పుట్టినవాడు. పోగు నలిపి చూసి ఇది నూలు, ఇది ఉన్ని అని చెప్పేస్తాడు. కాదన్నవాడితో ఆ రోజంతా మాట్లాడడు. అమీర్‌పేట సందులో అతని టైలరింగ్ షాపు.

ఆ షాపు మెట్టు మీద పదకొండేళ్లుగా వచ్చి కూర్చునేది అజర్యా గారు. తెనాలి వైపు నుంచి వచ్చిన యూదుడు. మధురానగర్‌లో ఓ అద్దె గదిలో పన్నెండు కుటుంబాలకు ఆయనే రబ్బీ, అంటే వాళ్ల మతగురువు. పట్టా మాత్రం లేదు. సర్వమత సభ ఎక్కడ జరిగినా స్వామీజీ, మౌల్వీ, పాస్టర్ల పక్కన చివరి కుర్చీ ఆయనది. ఒక యూదుడు కూడా ఉంటే ఫొటో నిండుగా ఉంటుందని నిర్వాహకుల సంబరం. అక్కడ కొందరు ఆయన్ని ఫాదర్ అనేవారు, కొందరు సాబ్ అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆ సభల కోసమే మొదట్లో అంబదాస్ చేత నల్లటి ఊలు కోటు కుట్టించుకున్నారు. కొలతలిస్తూ ఒకే షరతు పెట్టారు.

"అంబదాస్ గారూ, ఉన్నిలో జనుపనార కలవకూడదండీ. మా ధర్మశాస్త్రం ఒప్పుకోదు."

జనుమంటే గోనెసంచుల నార. ఊలు కోటులో గోనె ఏ పిచ్చోడు కుడతాడు? అంబదాస్‌కు నవ్వొచ్చింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది కూడా. పరాయి మతం సంగతి, మనకెందుకులే అని మింగేశాడు.

"ఫికర్ చెయ్యకున్రి సార్," అని, కాలర్ నిలబడడానికి తన దగ్గరున్న మేలైన లినెన్ కాన్వాసు లోపల పెట్టి కుట్టాడు.

ఈ ఏడాది ఇజ్రాయెల్ నుంచి ఓ పెద్ద రబ్బీ సోమాజిగూడ సభకు వచ్చాడు. అజర్యా గారిని పరీక్షించి, తగినవాడైతే పట్టా ఇస్తానన్నాడు. పట్టా లేని రబ్బీ చేసిన పెళ్లిళ్లు చెల్లవని ఆ పన్నెండు కుటుంబాల్లోనే గుసగుసలు మొదలయ్యాయి. ముప్పై ఏళ్ల బతుకు ఆ కాగితం మీద ఆగి ఉంది. అజర్యా గారు స్నేహితుడు అంబదాస్‌ను వెంటబెట్టుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టారు. అడిగినవాటన్నిటికీ తడబడకుండా జవాబిచ్చారు. చివర్లో పెద్దాయన చూపు కోటు కాలర్ మీద పడింది.

"ఇది ఎవరు కుట్టారు? లోపల ఏం పెట్టారు?" అని దుబాసీ మంజూష తెలుగులో అడిగింది.

అంబదాస్ ఛాతీ విరుచుకుని లేచాడు. "నేనే కుట్టిన సార్! అసలు లినెన్ కాన్వాసు. అగ్గువ మాల్ కాదు. పదకొండేండ్లాయె, కాలర్ జర సుత వంగలే!"

మంజూష అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. హాలు చప్పట్లు కొట్టింది. పెద్దాయన కొట్టలేదు.

కలవకూడనిది జనుపనార అనే చదివానన్నారు అజర్యా గారు. నిషేధం ఉన్నది గోనె మీద కాదు, అవిసె నారతో నేసే లినెన్ మీద, అన్నాడు పెద్దాయన. ధర్మశాస్త్రాన్ని తెలుగులోకి మార్చినవాడెవడో జనుపనార అని రాసిపెట్టాడు. అసలు భాషలో సరిచూసుకోకుండా పదకొండేళ్లు నిషిద్ధాన్ని ఒంటి మీద వేసుకుని ధర్మం చెప్పినవాడు రబ్బీ ఎలా అవుతాడు? కోటు తీసెయ్యమన్నాడు.

అజర్యా గారు వేదిక మీదే తీశారు. చంక కింద చొక్కా చిరిగి ఉంది. నిర్వాహకుడు మహిపాల్ గబగబా ఓ సన్మానం శాలువా కప్పబోయాడు. అందులో ఏం నార ఉందో తెలియక ఆయన వెనక్కి జరిగారు. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ శనివారం ప్రార్థనకు మధురానగర్ గదికి ఒక్క కుటుంబమూ రాలేదు. ఆదివారం అజర్యా గారు షాపుకొచ్చి మడిచిన కోటు బల్ల మీద పెట్టారు. మెట్టు మీద కూర్చోలేదు.

"నేనే ముంచిన సార్," అని అంబదాస్ ఏడ్చాడు. "కాలర్ ఇప్పి నూలు కాన్వాసు ఏస్త."

"మీరు నేతవారు. ఊలులో గోనె ఎవరూ కుట్టరని మీకు తెలుసు కదండీ. ఇదేం షరతని ఒక్క మాట అడగలేకపోయారా?"

"మీ దేవుని ముచ్చట గదా సార్. అడిగితె మంచిగుండదని..."

అజర్యా గారు తల ఊపారు.

"ముప్పై ఏళ్లు అన్ని మతాలవాళ్లతో మాట్లాడానండీ," అన్నారు. "అందరూ మీలాగే మర్యాదస్తులు. ఒక్కరూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు."