పూన్ మాస్టారి మూడో అంతస్తు

హాంకాంగ్‌లో పూన్ సెక్‌మింగ్ తీసిన సినిమాలన్నిటికీ దర్శకుడూ అతనే, ఫైట్ మాస్టరూ అతనే. ఇద్దరికి జీతాలిచ్చే రకం కాదు నిర్మాత ఔయంగ్ బాసు. స్క్రిప్టులో ఫైటు దగ్గర ఎప్పుడూ ఒకే ముక్క ఉండేది: 'ఇక్కడ కొట్టుకుంటారు.' ఎలా, దేనితో అన్న గొడవంతా పూన్ నెత్తినే. నిచ్చెనలతో కొట్టించాడు, గొడుగులతో కొట్టించాడు, ఒకసారి పిండివంటలు ఉడికించే వెదురు బుట్టలతో కూడా కొట్టించాడు. జనం అన్నీ చూసేశారు. "నాకు బయటే కాదు, లోపల కూడా బట్టతలే" అని తనే చెప్పుకునేవాడు.

చిన్నప్పుడు పాటతో పాటు పల్టీలూ నేర్పే నాటకబడిలో గురువు బెత్తం పట్టుకుని "మళ్ళీ!" అనేవాడు. తర్వాత సినిమాల్లో డూపుగా దూకేటప్పుడు దర్శకులూ అదే అన్నారు. మోకాలు విరిగి మంచాన పడ్డప్పుడు, తను దర్శకుడైతే ఆ మాట చచ్చినా అననని పూన్ ఒట్టు పెట్టుకున్నాడు. దర్శకుడైన మొదటి రోజే తప్పాడు. టీ తాగాక అన్నాడు కాబట్టి, టీ దాకా నిలబడ్డానని సరిపెట్టుకున్నాడు.

ఆ ఏడు షామ్ షూయ్ పో పేటలో ఒక సందులో హీరోయిన్ మూడో అంతస్తు నుంచి దూకాలి. "జనం కుర్చీల్లోంచి లేవాలి పూన్. లేవలేదో, వచ్చే సినిమా ఇంకొకడికి" అన్నాడు బాసు. హీరోయిన్‌కి డూపు ఎండుచేప. నాటకబడిలో పూన్ తర్వాత చేరినవాడు; బక్కపలచని ఒళ్లు చూసి అందరూ పెట్టిన పేరది. ఎర్ర కోటూ ప్యాంటూ వేసుకుని, విగ్గు పెట్టుకుని, రెండు గుడ్డ పందిళ్లను చీల్చుకుంటూ అట్టపెట్టెల మీద ఎంత అందంగా పడ్డాడో! సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు ముసలమ్మ కిటికీలోంచి దుప్పటి ఆరేసిన వెదురు గడ బయటికి తోసింది. కెమెరాకి దుప్పటి తప్ప ఇంకేమీ కనబడలేదు.

"షాటు వచ్చిందా అన్నా?" అన్నాడు ఎండుచేప నవ్వుతూ. వాడి కుడి భుజం కిందికి వేలాడుతోంది.

పూన్ నాలుక మీదికి 'మళ్ళీ' అన్న మాట వచ్చేసింది. సిగ్గేసి మింగేశాడు. "ఆ విగ్గు ఇలా తే."

"నీకా! ఈ ప్యాంటు నీకు పట్టదన్నా."

"గుండీ పెట్టుకోన్లే."

నలభై ఆరేళ్ల బొజ్జతో పూన్ దూకాడు. ముసలమ్మ గడకు ప్యాంటు తగులుకుంది. హీరోయిన్ కోటులో, ఆమె దుప్పటి పక్కన, అతను కూడా ఉతికి ఆరేసినట్టు వేలాడాడు.

"ఏరా దున్నపోతా! ఊగడానికి నా దుప్పటే దొరికిందా?" అంటూ ముసలమ్మ చెప్పు తీసుకుని నెత్తి మీద వాయించింది. గడ విరిగి అతను అట్టపెట్టెల మీద పడ్డాడు. కెమెరా మాత్రం ఆగలేదు.

అది చూసి నవ్వాపుకోలేక బాసుకి తాగుతున్న టీ పొలమారింది. ఏడిపించాల్సిన సినిమాకి నవ్వుల సినిమా అని పోస్టర్లు వేయించాడు. కోరినట్టే జనం కుర్చీల్లోంచి లేచారు, కాకపోతే పొట్టలు పట్టుకుని. జీవితమంతా వెతికిన కొత్త ఫైటు తన వెనకభాగంలో ఉందని పూన్‌కి అప్పుడు తెలిసింది.

"వచ్చే సినిమాలో అచ్చం అలాగే పడాలి" అన్నాడు బాసు. "పడకపోతే నువ్వెందుకు నాకు?"

అదే సందు, అదే కిటికీ. ముసలమ్మ జుట్టు ఉంగరాలు తిప్పించుకుని కొత్త చెప్పులతో వచ్చింది. భుజానికి కట్టుతో ఎండుచేప కింద మైకు పట్టుకున్నాడు. పూన్ దూకాడు, ప్యాంటు తగులుకోలేదు. మళ్ళీ దూకాడు, ప్యాంటు చిరిగింది. ఇంకోసారి తగులుకుంది గానీ ముసలమ్మ కెమెరాను చూసి నవ్వుతూ చెప్పు జారవిడిచింది. ఒళ్లంతా బాగా పడటానికే అలవాటైపోయింది. ఎంత ప్రయత్నించినా చెడ్డగా పడటం చేతకాలేదు. మోకాలు బూరెలా పొంగింది. పడ్డ ప్రతిసారీ అట్టపెట్టెల్లోంచి తనే అరిచాడు, "మళ్ళీ!"

కుంటుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్తుంటే ఎండుచేప మైకులో అన్నాడు, "చాలన్నా."

"బాగా వచ్చిందా?"

"దరిద్రంగా వచ్చింది. అయినా చాలు. బాసుకి నేను చెప్పుకుంటాలే, నువ్వొచ్చి కూర్చో."

'చాలు' అన్న మాట గురువు ఎప్పుడూ అనలేదు. దర్శకులు అనలేదు. తనూ ఎవరితోనూ అనలేదు. పూన్ మెట్ల మీదే కూలబడి విగ్గు కళ్ల మీదికి లాక్కున్నాడు. ఏడుస్తున్నట్టు తెలిస్తే ఔయంగ్ బాసు దాన్ని కూడా నవ్వుల కింద వాడేస్తాడు.